వైద్యానికి తోడా, పోటీయా?

రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడైనా, ఇక్కడైనా ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే పసుపు, కషాయాలు, విటమిన్ మాత్రలు, యోగా అంటూ సలహాలు మొదలవుతాయి. ఆసుపత్రి మందులతో పాటు వీటినీ వాడితే నష్టమేమిటి?

జవాబు ఒక తెలుగు శాస్త్రవేత్త పరిశోధనలోనే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఆకుకూరల్లో దొరికే ఫోలేట్ విటమిన్‌కు ఇది మరో రూపం. ఈ కోవకు చెందిన పదార్థాలను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. వ్యాధి తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ తయారు కావాలి, అందుకు ఫోలేట్ అవసరం. క్యాన్సర్ కణానికీ అంతే. అప్పుడు సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ను అందించింది. దానితో కొందరు పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. ఆ మందు తీసుకునేవారు వైద్యుడికి చెప్పకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే దాని ప్రభావం తగ్గవచ్చు.

యోగా, ధ్యానం ఆందోళనను, అలసటను తగ్గించడానికి తోడ్పడతాయి కానీ కణితిని కరిగించలేవు. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఇలాంటి పద్ధతులనూ అనుసరించిన రోగుల్లో మరణ ముప్పు సుమారు రెట్టింపుగా కనిపించింది. వారిలో ఎక్కువమంది శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ వంటి వాటిలో ఏదో ఒకటి వద్దనడమే ఇందుకు ప్రధాన కారణమని పరిశోధకులు భావించారు.

అందుకే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి పొడినీ, మాత్రనూ వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి.