సైనికుడి బిడ్డ ప్రత్యేక బడికి వెళితే ఫీజు సాయం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మా వారు ఆర్మీలో హవల్దారు. ప్రస్తుతం రాజస్థాన్‌లో ఉన్నారు. వచ్చే ఏడాది పెన్షన్‌కి వచ్చేస్తారు. నేను ఇద్దరు పిల్లలతో పశ్చిమ గోదావరి జిల్లాలో అత్తగారింట్లో ఉంటున్నాను. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. బాబుకు పదకొండేళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. సదరం క్యాంపులో 75 శాతం అని రాసిచ్చారు. ఒక ట్రస్టు నడిపే ప్రత్యేక పాఠశాలకు పంపుతున్నాం. ఆ బడికి గుర్తింపు లేదు కాబట్టి చదువు భత్యం రాదని యూనిట్ ఆఫీసులో చెప్పారట. ఊళ్లోవాళ్లేమో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు పెట్టుకోమంటున్నారు. మా బాబుకు అసలు ఏమైనా వస్తుందా? - ఒక జవాను భార్య

జవాబు: వస్తుందమ్మా. గుర్తింపు లేదన్న ఒక్క కారణంతో మీ బాబు భత్యం ఆపే వీలు లేదు. సైనిక కుటుంబాల్లోని దివ్యాంగ పిల్లల కోసం ఫలానా స్కాలర్‌షిప్ అంటూ ఒకే పథకం లేదు. అందుకే ఎవరిని అడిగితే వారు తమకు తెలిసిన ముక్క చెబుతారు. తండ్రి సర్వీసులో ఉన్నారా, రిటైరయ్యారా, విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారా అన్నదాన్ని బట్టి సాయమూ మారుతుంది, ఇచ్చే కార్యాలయమూ మారుతుంది. మీ ఇంట్లో ఈ ఏడాది ఒక లెక్క, వచ్చే ఏడాది మరో లెక్క.

ముందు ఈ ఏడాది సంగతి చూద్దాం. సర్వీసులో ఉన్నవారికి వర్తించేది పిల్లల విద్యా భత్యం, అంటే సీఈఏ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులందరికీ ఉన్నట్టే సైనికులకూ ఉంది. కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి 1 నుంచి ఈ భత్యం పెరిగింది. మామూలు పిల్లలకు నెలకు రూ.2,812.50, దివ్యాంగ పిల్లలకు దానికి రెట్టింపు, అంటే రూ.5,625. ఏడాదికి రూ.67,500 అవుతుంది. ఇది స్థిరమైన మొత్తం. అసలు ఖర్చు ఎంతయిందన్నదానితో సంబంధం లేదు కాబట్టి ప్రతి పుస్తకానికీ, ప్రతి థెరపీకీ రసీదు చూపమనే పని లేదు. ఆ ఏడాది బాబు అక్కడ చదివాడని బడి పెద్ద ఇచ్చే ధ్రువపత్రమే ఇందులో ప్రధానం.

ఇక గుర్తింపు మాట. సాధారణ పిల్లల విషయంలో బడికి గుర్తింపు ఉండాలన్నది నిజమే. యూనిట్ ఆఫీసులో ఆ నియమాన్నే చదివి ఉంటారు. కానీ కేంద్ర సిబ్బంది, శిక్షణ వ్యవహారాల శాఖ 2018 జూలైలో ఇచ్చిన సమగ్ర ఉత్తర్వులో దివ్యాంగ పిల్లల కోసం వేరే నిబంధన ఉంది. ఆ సంస్థకు కేంద్ర ప్రభుత్వం గానీ, రాష్ట్ర ప్రభుత్వం గానీ ఆర్థిక సాయం ఇస్తున్నా, ఆమోదం ఇచ్చినా, కనీసం దాని ఫీజులను ఆమోదించినా చాలు. గుర్తింపు ఉన్నా లేకున్నా భత్యం చెల్లించాల్సిందే. మామూలు పిల్లలకు 20 ఏళ్లతో గానీ, పన్నెండో తరగతితో గానీ ఈ భత్యం ఆగిపోతుంది. మీ బాబులాంటి పిల్లలకు 22 ఏళ్లు నిండే వరకు ఇస్తారు.

కాబట్టి మీరు బడివాళ్లను అడగాల్సింది గుర్తింపు పత్రం కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 50వ సెక్షన్ ప్రకారం దివ్యాంగుల కోసం సంస్థ నడిపే ఎవరైనా ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం తీసుకుని తీరాలి. ఆ ధ్రువపత్రం నకలు అడిగి తీసుకోండి. ట్రస్టుకు ప్రభుత్వ గ్రాంటు ఏదైనా వస్తుంటే ఆ ఉత్తర్వు నకలు కూడా తీసుకోండి. ఈ రెండూ, బడి ఇచ్చే ధ్రువపత్రం, సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు జతచేసి మీ వారి చేత రాతపూర్వకంగా క్లెయిము పెట్టించండి. 2018 ఉత్తర్వులో దివ్యాంగ పిల్లలకు సంబంధించిన పేరాను దరఖాస్తులోనే ఉటంకించమనండి. నోటిమాటగా కాదన్న కార్యాలయాలు కాగితం మీద కాదనే ముందు ఆ పేరా చదవక తప్పదు. గడిచిన ఏళ్లకు క్లెయిము చేయకపోతే, యూనిట్‌లో రాదన్నారు కాబట్టే పెట్టలేదని కారణం రాసి వాటినీ అడగండి.

ఇంకో మంచి మాట. పిల్లవాడు తరగతి తప్పినా సీఈఏ ఆగదు. చదువులో ఎలా ఉన్నాడన్నదానితో దీనికి ముడి లేదు. ప్రత్యేక బడికి పంపే తల్లులు చాలామంది "మావాడికి పాస్ సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేవాలి" అని భయపడి అసలు అడగడమే మానేస్తున్నారు. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు. బాబును ఇంటికి కనీసం 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెసిడెన్షియల్ బడిలో చేర్పిస్తే హాస్టల్ సబ్సిడీ కూడా అడగవచ్చు. దాని గరిష్ఠ పరిమితి నెలకు రూ.8,437.50. అయితే ఈ భత్యాలన్నీ జీవించి ఉన్న మొదటి ఇద్దరు పిల్లలకే. మీకు ఆ చిక్కు లేదు. మూడో సంతానంగా దివ్యాంగ బిడ్డ ఉన్న కుటుంబాలకు మాత్రం ఈ దారి మూసుకుపోతోంది. ఎక్కువ సాయం అవసరమైన బిడ్డే వరుసలో మూడోవాడైనందుకు నష్టపోవడం న్యాయం కాదు. ఈ నియమాన్ని మార్చాల్సిన అవసరం ఉంది.

ఇప్పుడు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. కేంద్రీయ సైనిక్ బోర్డు నడిపే ఈ పథకం ప్రత్యేక విద్య కోసం కాదు, వృత్తి విద్యా డిగ్రీ కోర్సుల కోసం. ఇంటర్ లాంటి అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు రావాలి. పైగా తండ్రి మాజీ సైనికుడై ఉండాలి. సర్వీసులో ఉన్నవారి పిల్లలకు ఇవ్వరు. కాబట్టి బాబు పేరు మీద దరఖాస్తు పెట్టి ప్రయోజనం లేదు. కానీ మీ అమ్మాయి సంగతి వేరు. ఆడపిల్లలకు నెలకు రూ.3,000, మగపిల్లలకు రూ.2,500 ఇస్తారు. కోర్సు మొదటి ఏడాదిలో చేరినప్పుడే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండో ఏడాదిలో గుర్తొస్తే తీసుకోరు. అంటే మీ వారు రిటైరయ్యే తేదీ, అమ్మాయి బీటెక్‌లోనో నర్సింగ్‌లోనో చేరే తేదీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. డిశ్చార్జి కాగితాలు చేతికి వచ్చిన వెంటనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదు చేయించి, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోండి. ఆ నమోదు ఆలస్యమైతే ఆ ఏడాది దరఖాస్తు గడువే దాటిపోవచ్చు.

రిటైరయ్యాక బాబుకు సీఈఏ ఆగిపోతుంది. అప్పుడు సైనిక్ బోర్డు ఇచ్చే విద్యా గ్రాంటు వైపు చూడాలి. హవల్దారు హోదా వరకు ఉన్న మాజీ సైనికుల పిల్లల్లో ఇద్దరికి, ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఈ గ్రాంటు వస్తుంది. నెలకు రూ.1,000గా ఉన్నదాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు రూ.2,000 చేశారు. దీనికి డబ్బు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచే వస్తుంది. ఏటా డిసెంబరు 7న మనం చొక్కాకు జెండా పెట్టుకుని ఇచ్చే చందాలు ఆ నిధికే చేరతాయి.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్లవాడు కిందటి ఏడాది తరగతి పాసై ఉండాలంటారు. ప్రత్యేక బడిలో తరగతులూ, పాస్‌లూ ఆ లెక్కన ఉండవు. చొక్కా గుండీ తానే పెట్టుకోవడం, పది రూపాయల నోటును గుర్తుపట్టడం, బస్సు నంబరు చదవడం ఆ ఏడాది చదువు. ఆ ప్రగతిని వైద్యులూ టీచర్లూ రాసిచ్చే నివేదిక ఉంటుంది. దాన్ని పాస్ ధ్రువపత్రం స్థానంలో తీసుకోమని రాతపూర్వకంగా అడగండి. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 3వ సెక్షన్ వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని, సహేతుకమైన సర్దుబాటు చేయాలని ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. ఆ బిడ్డ అందుకోలేని అర్హత అడిగి గ్రాంటు ఆపడం ఆ సెక్షన్‌కు విరుద్ధమన్నది నా అభిప్రాయం. తిరస్కరిస్తే కారణంతో సహా ఉత్తర్వు ఇవ్వమనండి. దానిమీద కేంద్రంలోని దివ్యాంగుల ప్రధాన కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వైకల్యం 100 శాతం ఉన్న పిల్లలకు బోర్డు విడిగా నెలవారీ గ్రాంటు ఇస్తుంది. సర్టిఫికెట్‌లో 75 శాతం ఉంది కాబట్టి అది మీ బాబుకు వర్తించదు.

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగ విద్యార్థులకు ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ తొమ్మిది, పది తరగతులకే. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.2.5 లక్షలు దాటకూడదు. సర్వీసులో ఉన్న జవాను జీతం ఆ హద్దును ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు దానిమీద ఆశ పెట్టుకోకండి.

ఈ సమాధానం చదువుతున్న వారిలో భర్తను సరిహద్దులో కోల్పోయినవారు, గాయాలతో ఇంటికి తెచ్చుకున్నవారు ఉండవచ్చు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్న జిల్లా మనది. అలాంటి కుటుంబాల పిల్లలకు 1971 యుద్ధం తర్వాత, 1972లో మొదలైన విద్యా రాయితీ ఉంది. పోరులో మరణించిన, ఆచూకీ తెలియకుండాపోయిన, వైకల్యం పొందిన సైనికుల పిల్లలకు ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు మొత్తం రక్షణ శాఖ తిరిగి చెల్లిస్తుంది. 2017 జూలైలో దానికి నెలకు రూ.10,000 పరిమితి పెట్టారు. అమరుల కుటుంబాల నుంచి ఆవేదన వ్యక్తమయ్యాక 2018 మార్చిలో ఆ పరిమితి ఎత్తేశారు. పాత సమాచారం పట్టుకుని పదివేలకు మించి రాదని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

బదిలీల మీద బదిలీలుగా తిరిగే కుటుంబాలకు ఒక మాట. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లినా ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చేరే హక్కు పిల్లలకు ఉంది. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. 40 శాతం గానీ, అంతకు మించి గానీ వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కును దివ్యాంగుల చట్టం 31వ సెక్షన్ ఇస్తోంది. ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం నడిపే ఆశా స్కూళ్లు, నౌకాదళం వారి సంకల్ప్ స్కూళ్లు కంటోన్మెంట్లలో, నావికా స్థావరాల్లో ఉన్నాయి. సికింద్రాబాద్, విశాఖ వైపు పోస్టింగు వస్తే ముందు అక్కడ వాకబు చేయండి. పరీక్షలు, అంచనా కోసం సికింద్రాబాద్‌లోని జాతీయ మేధోవైకల్య సాధికారత సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. మీ వారు డిశ్చార్జి కాకముందే బాబు పుట్టిన తేదీ, పేరు పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు నమోదయ్యే యూనిట్ ఉత్తర్వు) సరిగా పడ్డాయో లేదో చూడమనండి. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, యూనిట్ రికార్డులో మరొకటి ఉంటే ఇప్పుడే దిద్దించండి. బాబు వైకల్యాన్ని కూడా రికార్డు ఆఫీసుకు తెలియజేయమనండి. సంపాదించుకోలేని స్థితిలో ఉన్న దివ్యాంగ సంతానానికి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పెన్షన్ వచ్చే హక్కు ఉంది. 2021లో ఆదాయ నిబంధనను సడలించారు. బిడ్డకు ఇతరత్రా వచ్చే ఆదాయం, రావాల్సిన కుటుంబ పెన్షన్ కంటే (చివరి జీతంలో 30 శాతం, దానిపై కరువు భృతి) తక్కువగా ఉంటే చాలు. ఆ పెన్షన్‌ను బాబు తరఫున అందుకునే సంరక్షకుడి పేరును మీ వారు తన జీవితకాలంలోనే నామినేట్ చేయవచ్చు. అక్కో, బాబాయో ఎవరైతే మీరు నమ్ముతారో ఆలోచించుకోండి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ కన్నీళ్లు ఈ పని వాయిదా వేసిన ఇళ్ల నుంచే వస్తున్నాయి.

చదువు భత్యం విషయంలో యూనిట్ నుంచి మళ్లీ కాదన్న జవాబే వస్తే లాయరు ఫీజు గురించి వెనకాడకండి. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. పైగా సైనిక కుటుంబాల కోసమే 2025 జూలై 26న జాతీయ న్యాయసేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనిక సంక్షేమ బోర్డుల దగ్గరే న్యాయసహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. 15100కు ఫోన్ చేసి మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ వివరాలు అడగండి. వెళ్లేటప్పుడు యూనిట్ ఇచ్చిన జవాబు, బడి రిజిస్ట్రేషన్ నకలు, సదరం సర్టిఫికెట్ తీసుకెళ్లండి.