ఉప్పురవయు సృష్టిక్రమమును

ఈ విశ్వము ఒక యుద్దేశముతో నిర్మింపబడినదా, లేక తనంతట తానే యిట్లు ఏర్పడినదా యను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దీనిని విచారించుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన నౌపడ యుప్పుమడుల గట్టుమీద నిలిచి చూచిన చాలును.

సముద్రజలము వేయి పాళ్లలో రమారమి 35 పాళ్లు లవణములు గలవు. ఆ నీటిని మడినుండి మడికి మరలించి యెండలో చిక్కబఱచినచో, ఉప్పుకంటె ముందు జిప్సము అడుగున పేరుకొనును. పిదప ఉప్పు రవలు కట్టును. చేదైన మెగ్నీషియపు లవణములు కడపటి నీటిలో నిలిచిపోవును. పనివారు ఆ నీటిని తీసివేసి యుప్పును కుప్పవేయుదురు. గట్లును, కాలువలును, నీరు వదలు సమయమును మనుష్యుని సంకల్పమువలన కలిగినవి. ఇందు సందేహము లేదు.

ఇప్పుడొక రవను భూతద్దముతో చూడుడు. అది చిన్న పాచికవలె నుండును. దాని ముఖములు చతురస్రములు. వానిని చెక్కిన వారెవరు? ఏ పనివాడును చెక్కలేదు. 1913వ సంవత్సరమున విలియం లారెన్సు బ్రాగు అను యువశాస్త్రజ్ఞుడు ఎక్సు కిరణముల సాయమున దీని మర్మమును కనుగొనెను. ఉప్పులో ప్రతి సోడియపు పరమాణువు చుట్టును ఆఱు క్లోరిను పరమాణువులును, ప్రతి క్లోరిను చుట్టును ఆఱు సోడియములును నిలిచియుండును. ఆ యమరికయే వరుసపై వరుసగా పెరిగి మన కంటికి పాచికయై కనబడుచున్నది.

బయలున గడియారము దొరకినచో దానిని చేసినవాడొకడు గలడని తలంతుము గదా; అట్లే జీవుల యవయవముల పొందిక సృష్టికర్తను చూపుచున్నదని 1802లో విలియం పేలీ అను ఆంగ్ల మతాచార్యుడు వాదించెను. చార్లెసు డార్విను యౌవనమున ఆ గ్రంథమును సంతోషముతో చదివెను. కాని జీవులలో స్వల్పభేదములు పుట్టుచుండుననియు, వానిలో బ్రదుకునకు అనుకూలమైనవి తరతరములుగా నిలిచి పెంపొందుననియు, ఆ పొందిక అందువలననే కలుగవచ్చుననియు 1859లో అతడే చూపెను. కావున క్రమము కనబడిన ప్రతిచోటను చెక్కిన చేతిని వెదకరాదు.

అయినచో ఉద్దేశమే లేదని తేలినదా? తేలలేదు. “పరమాణువులు ఇట్లే యమరవలెనను నియమ మేల కలిగెను? అది మన బుద్ధికి ఏల గోచరమగుచున్నది?” అని విశ్వాసి యడుగును. “నియమమున్నది, అది చాలును, దాని వెనుక సంకల్పమును కల్పింపనేల?” అని సంశయవాది యడుగును. ఈ వివాదమును భూతద్దము తీర్పజాలదు.

కారణము తెలియని చోటనే దేవుడున్నాడని నమ్మిన బాలుని విశ్వాసము, కారణము తెలిసిననాడు కూలిపోవును. కారణము తెలిసినది గనుక ఉద్దేశము లేదనువాడును తొందరపడినవాడే. తలిదండ్రులారా, మీ బిడ్డలు “ఏల?” యని యడిగినప్పుడు వారిని గద్దింపకుడు. గిన్నెడు వేడినీటిలో ఉప్పు కరగించి, నీడపట్టున కొన్నిదినములు కదలింపక యుంచి, వారితో కూర్చుండి చూడుడు. తెలిసిన దానిని తెలిసినదనియు, నమ్మిన దానిని నమ్మితిమనియు వేర్వేరుగా చెప్ప నేర్చుటయే యీ విషయమున మొదటి పాఠము.