'రైలు' - శబ్దార్థవిచారము

తెలుగున ప్రవేశించిన ఆంగ్లపదములలో 'రైలు' వలె ఇంటిమాట యైనవి కొన్నియే. రైలుబండి, రైలుపెట్టె, రైలుకట్ట, రైలుగేటు అని పలుకువారికి ఇది పరభాషాపదమను తలంపే కలుగదు. వేలు - వేళ్ళు అను రీతిని రైలు - రైళ్ళు అని బహువచనమును దేశ్యశబ్దములవలెనే ఏర్పడినది. అయినను ఈ పదమునకు తెలుగువా రిచ్చిన ప్రధానార్థము ఆంగ్లమున లేదు. అచట రైల్ అనగా కడ్డీ. దానిమీద నడచు బండి ట్రైన్. తెలుగున కడ్డీ పట్టా యైనది, బండి రైలైనది. ఈ మార్పు ఎట్లు కలిగెనో, విడిచిపోయిన అర్థము భిలాయి తెలుగువారి నోట మరల ఎట్లు వినబడుచున్నదో విచారింపదగియున్నది.

ఆంగ్లమున రైల్ ఒక్కటి కాదు. కడ్డీ యొకటి, ఒకజాతి నీటిపక్షి యొకటి, నిందించుట అను క్రియ యొకటి - ఈ మూడును ఫ్రెంచి ద్వారమున వేర్వేరుగ వచ్చి ఒకే రూపమున కలిసినవి. కావున వీనిని నానార్థములనుట కంటె రూపసామ్య మనుట యుక్తము. తెలుగునకు వచ్చినది మొదటిదే. దాని మూలము లాటిన్ 'రెగులా', అనగా తిన్నని కర్ర. ఆ రెగులాయే మరియొక దారిని 'రూల్' అయినది. బడిపిల్లల చేతి రూళ్ళకర్రయు, స్టేషనులో ఆగు రైలును ఏకమూలములనిన వినువారికి వింతగ నుండును గాని సత్యమే. ఆవిరియంత్రము పుట్టకముందే ఇంగ్లండు గనులలో బొగ్గుబండ్లు కొయ్యకడ్డీలపై నడచినవి. వానికిని రైల్ అనియే పేరు. మెట్ల ప్రక్కనుండు రెయిలింగు ఆ పాత అర్థమును నేటికిని మోయుచున్నది.

1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణాకును, 1856 జులై 1న మద్రాసు రాయపురము నుండి వాలాజాకును బండ్లు నడచినవి. పొగబండి, ధూమశకటము అను పేర్లు నిలువలేదు, రైలుబండి నిలిచినది. క్రమముగ అందలి 'బండి' జారిపోయి, విశేషణముగ నున్న రైలే బండి యర్థమును గైకొనినది. ఇది ఆలంకారికులు చెప్పు లక్షణావృత్తి: మంచెలు కేకలు వేయుచున్నవనిన మంచెలమీది కాపరులు కేకలు వేయుచున్నారని గ్రహించినట్లు, ఆధారమును చెప్పి ఆధేయమును బోధించుట. తెలుగువారే పొరబడిరనుటకు వీలులేదు. హిందీలో రేల్, తమిళమున రయిల్, కన్నడమున రైలు - అన్నియు బండినే తెలుపును. కడ్డీకి వరుసగ పట్రీ, తండవాళం, హళి అను వేరుమాటలు కలవు.

ఇక భిలాయి. 1955 ఫిబ్రవరి 2న భారత సోవియట్ ప్రభుత్వముల ఒడంబడికతో ఆరంభమైన ఉక్కు కర్మాగారమునకు 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. రైలు మిల్లు 1960లో పనిచేయసాగెను. ఉత్తరాంధ్రము నుండి పెక్కుమంది పనివారు ఇచటికి వచ్చిరి. 1931 నాటికి పార్వతీపురము మీదుగ విజయనగరము - రాయపూరు మార్గము పూర్తియై యుండుటచే వారికి దారి సులభమైనది. రైలెక్కి వచ్చినవారికి చేయు పనియు రైలే!

ఎఱ్ఱగ కాగిన ఉక్కుదిమ్మను రోలర్లనడుమ మరల మరల నడపి సాగదీయగా తల, నడుము, పాదము గల కడ్డీ యగును. దానిని గూర్చి పనివాడు 'రైలు ఇంక చల్లారలేదు', 'రైలు వంకర వచ్చినది' అనిన, పార్వతీపురమున నున్న వాని మేనమామకు బోధపడదు. అయినను ఆ పనివానికే రెండర్థములును చిక్కుపడవు. క్రియయే వానిని వేరుచేయును. ఎక్కునది, దిగునది, తప్పిపోవునది బండి. చల్లారునది, వంగునది, కోయబడునది కడ్డీ. 'మీటరుకు 60 కిలోల రైలు' అనిన సందేహమే లేదు. చిక్కు 'పొడవైన రైలు' అనునెడ కలదు. ఇచట 130 మీటర్ల కడ్డీలు తయారగుచున్నవి. అతికినవి 260 మీటర్లు. వానిని బండిమీదనే పంపవలెను గదా! రైలుపై రైలు రైలును మోసికొనిపోవుచున్నదనిన అది పొడుపుకథ కాదు, యథార్థవాక్యమే.

ఇట్టి ప్రయోగములను మిశ్రభాష యని త్రోసివేయువారు కలరు. ఆ తీర్పు తొందరపాటు. నిఘంటుకారుడు 'ఆంగ్లపదము' అని ముద్రవేసి ఊరకుండిన రెండు సంగతులును మరుగుపడును: బండి యర్థము ఇచట పుట్టినదనుట ఒకటి, కడ్డీ యర్థము కర్మాగారమార్గమున మరల వచ్చినదనుట రెండవది. ఆంగ్లమున మొదటిదైన అర్థము తెలుగున రెండవదిగ వ్రాయవలసియున్నది.

అట్లయిన పనివారు కడ్డీని పట్టా యని ఏల అనరాదు? పట్టా యనిన నేలమీద పరచి, చక్రమునకు దారియైనది. మిల్లులోనిది ఇంకను దారి కాలేదు. కుండలో నున్నంతవరకు బియ్యమును అన్నమని ఎవరును అనరు. ఉడికి విస్తరిలో పడినదే అన్నము. రైలునకును పట్టాకును నడుమ ఇట్టి భేదమే కలదు.