వెన్నువాతమునకు పిండి తగ్గించిన భోజనము

వరి పండించువానితో వరియన్నము తగ్గించుకొనుమని చెప్పుట వినువారికి వింతగా దోచును. మన సంఘము వరిసాగునకు అప్పు లిచ్చునది, ధాన్యమును నిలువచేయునది. అట్టి సంఘపు పత్రికలో అన్నము తగ్గించుటను గూర్చి పాఠము వ్రాయుటకు కారణము కలదు. మన గ్రామములలో నడుమునొప్పి లేని రైతు అరుదు. అందుచేతనే నడుమునొప్పులలో ఒక ప్రత్యేకమైన వ్యాధి యున్నదనియు, అది పడుచువారిని పట్టి వెన్నును క్రమముగా కఱ్ఱవలె బిగించివేయుననియు మనవారు గుర్తింపజాలకున్నారు. మేమును గుర్తింపలేకపోతిమి. ఇరువదియాఱవ యేట మాకు పట్టిన నొప్పిని నాగలి నొప్పియనియు, బస్తాలు మోసిన నొప్పియనియు తొమ్మిదేండ్లు గడపితిమి. ఆ తొమ్మిదేండ్ల నష్టము మఱియొకరికి కలుగకుండుటకే ఈ పాఠము.

వ్యాధి లక్షణములు

ఈ వ్యాధికి వైద్యులు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని పేరు పెట్టిరి. మనము వెన్నువాతమని చెప్పుకొందము. పనివలన వచ్చు నడుమునొప్పి పనిచేసినకొలది హెచ్చును, పండుకొన్న తగ్గును. వెన్నువాతము దీనికి విరుద్ధము. పండుకొన్న హెచ్చును, కదలిన తగ్గును. తెల్లవారుజామున నొప్పి నిద్ర లేపును. లేచిన తరువాత అరగంటయో, గంటయో, అంతకు మించియో నడుము బిగిసి యుండును. పొలము చేరి నాలుగడుగులు వేసిన పిమ్మట సడలును. నొప్పి పిఱుదులలో ఒకమారు కుడివైపునను, ఒకమారు ఎడమవైపునను కనబడును. ఇది సాధారణముగా 45 ఏండ్లు నిండకముందే మొదలగును. మూడు నెలలు దాటినను వదలదు. కొందఱికి కన్ను ఎఱ్ఱబడి నొప్పిపెట్టును, వెలుతురు చూడలేరు.

శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి కీళ్లను వాపునకు గుఱిచేయుటచే ఈ వ్యాధి కలుగుచున్నది. నడుముక్రింద వెన్ను తుంటియెముకలతో కలియు కీళ్లలో మొదలై పైకి ప్రాకును. వాపు మానిన చోట క్రొత్త యెముక పెరిగి పూసకు పూసను అతుకును. కడపట వెన్ను వెదురుబొంగువలె ఏకమగును. వంశమునుబట్టి వచ్చు ఒక రక్తపు గుర్తునకును ఈ వ్యాధికిని సంబంధము కలదని 1973లో తేలినది. ఆ గుర్తునకు హెచ్.ఎల్.ఏ. బి-27 అని పేరు. అది యున్నవారిలో వ్యాధి వచ్చువారు కొద్దిమందియే గాన, గుర్తు కనబడినంతమాత్రమున భయపడవలసిన పనిలేదు.

భోజనమునకును దీనికిని సంబంధమేమి?

లండను నగరమున కింగ్స్ కళాశాలలో ఆచార్యుడుగా నుండిన ఆలన్ ఎబ్రింగర్ ఒక అభిప్రాయమును ప్రతిపాదించెను. మన ప్రేగులలో నివసించు సూక్ష్మజీవులలో క్లెబ్సియెల్లా అనునది యొకటి. దానిలోని కొన్ని భాగములకును, పైన చెప్పిన బి-27 గుర్తునకును పోలిక యున్నదనియు, ఆ జీవిపై శరీరము చేయు యుద్ధము పోలికచేత పొరపడి మన కీళ్లపైననే పడుచున్నదనియు ఆయన వాదము. చేనికి పట్టిన కలుపు మీద చల్లిన మందు, పోలికచే పైరును మాడ్చినట్లు. ప్రేగులలోని సూక్ష్మజీవులు మనము తిను పిండిపదార్థములో జీర్ణము కాక మిగిలిన భాగమును మేసి పెరుగును. కావున పిండి తగ్గించిన వాటి మేత తగ్గును, మేత తగ్గిన మంద తగ్గును, మంద తగ్గిన వాపు తగ్గునని ఆయన తలచెను. రొట్టె, బంగాళాదుంప మొదలగునవి తగ్గించిన భోజనమును రోగులకు పెట్టి చూచి, బాధయు, రక్తములో వాపు గుర్తులును తగ్గినవని 1996లో సహచరునితో కలిసి ప్రకటించెను. అయితే ఈ పద్ధతిని ఇంకను పరీక్షింపవలయునని వారే వ్రాసిరి.

ఈ సిద్ధాంతము రుజువైన సత్యము కాదు. కొందఱు పరిశోధకులకు క్లెబ్సియెల్లా సంబంధము కనబడలేదు. ఐరోపా కీళ్లవైద్య సంఘముల సమాఖ్య జీవనవిధానమును గూర్చి చేసిన 2021 సిఫారసులలో, ఏ యొక్క ఆహారమువలనను ఇట్టి వ్యాధులలో పెద్ద మేలు కలుగునని చెప్పుటకు ఆధారము చాలదనియు, వ్యాయామమును చేయవలయుననియు, పొగత్రాగుట మానవలయుననియు చెప్పబడినది. కావున ఈ భోజనము మందునకు తోడు కావచ్చును గాని మందునకు బదులు కాదు. కొందఱికి గుణము కనబడును, కొందఱికి కనబడదు. ఎవరికి వారు జాగ్రత్తతో పరీక్షించుకొనవలయును.

పిండిపదార్థము దేనిలో ఎంత?

ఉతికిన బట్టకు పెట్టు గంజి యెట్టిదో మనకు తెలియును. ఆ గంజియే పిండిపదార్థము. బియ్యము నూఱు గ్రాములలో సుమారు 78 గ్రాములు అదియే. గంజి వార్చిన అన్నములో పిండి పోవునని కొందఱనుకొందురు. వార్చిన నీటితో పోవునది స్వల్పము. మెతుకు మెతుకంతయు పిండియే. చద్దియన్నములోను తగ్గదు. చల్లారినపుడు కొంత పిండి జీర్ణమగుటకు కష్టమైన రూపమును పొంది, పెద్దప్రేగు వఱకు చేరి సూక్ష్మజీవులకు మేత యగును. ఈ వ్యాధి లేనివారికి అది మంచిదే కావచ్చును గాని, ఎబ్రింగరు పద్ధతిని అనుసరించువారు దానిని విడువవలయును.

బియ్యమునకు మారుగా జొన్న, రాగి, సజ్జ తిన్న సరిపోవునని తలచుట మఱియొక పొరపాటు. వాటియందు పీచును ఇతర సత్తువయు హెచ్చు, నిజమే. కాని నూటికి 60 మొదలు 72 వఱకు పిండిజాతి పదార్థమే. గోధుమయు అంతే. కంది, పెసర, సెనగ పప్పులలో బరువున ఇంచుమించు సగము పిండి. కంద, చేమ, చిలగడదుంప, బంగాళాదుంప, పచ్చి అరటికాయ పిండి మూటలు. కఱ్ఱపెండలము నుండి తీసిన సగ్గుబియ్యము దాదాపు ఒట్టి పిండియే. జబ్బుపడినవానికి సగ్గుబియ్యపు జావ పోయు ఆచారము ఈ యొక్క పద్ధతిలో పనికిరాదు.

పిండి తక్కువగా గలవి మన పెరటిలోనే కలవు: బీర, సొర, పొట్ల, కాకర, దొండ, దోస, వంగ, బెండ, ములగ, తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, గ్రుడ్లు, చేపలు, మాంసములలో పిండి లేదు. వేరుసెనగ, నువ్వులు, కొబ్బరిలో స్వల్పము. పండ్లలో మాగినవి మేలు. అరటికాయలోని పిండి పండుచున్నకొలది చక్కెరగా మారును.

సందేహము కలిగిన, ఒక చిన్న పరీక్ష కలదు. గాయములకు పూయు అయొడిన్ మందులో నీరు కలిపి, కోసిన ముక్కపై ఒక చుక్క వేయుడు. పిండి యున్నచో నీలినలుపు రంగు వచ్చును. లేనిచో మందు గోధుమరంగుననే యుండును. మొదట అన్నపు మెతుకు మీదను, తరువాత దోసకాయ ముక్క మీదను వేసి చూచిన తేడా తెలియును. పరీక్షించిన ముక్కను తినరాదు, పారవేయవలయును. ఈ పరీక్షచేతనే మా యింటి ఇంగువపొడిలో పిండి కలిసియున్నదని కనుగొంటిమి. అది కల్తీ కాదు. బజారులోని ఇంగువపొడిలో పిండి కలుపుట వాడుకయే.

మార్పు చేయు క్రమము

ఒక్కనాటితో అన్నము మానినవాడు మూడవనాడు కళ్లు తిరిగి గట్టుమీద కూలబడును. కష్టము చేయు శరీరమునకు బలము కావలయును. దినమునకు అరకిలో బియ్యము తినువాడు దానిలో సగము తగ్గించిన, 850 కెలోరీలకు పైగా లోటు పడును. ఆ లోటును నింపకయే తగ్గించుట ఉపవాసమగును గాని పథ్యము కాదు. 50 గ్రాముల వేరుసెనగపప్పు, రెండు గ్రుడ్లు, అరలీటరు గేదెపాలు కలిసిన ఇంచుమించు ఆ లోటు తీరును. గ్రుడ్డు తిననివారు పాలు, పెరుగు, నువ్వులు, కొబ్బరి హెచ్చించుకొనవచ్చును.

మొదటి రెండు వారములు రాత్రి అన్నమును సగము చేసి కూర రెట్టింపు చేయుడు. తరువాతి రెండు వారములు ఉదయపు ఇడ్లీ, దోసె, ఉప్మాలకు బదులుగా గ్రుడ్లు, పెరుగు, వేరుసెనగలు తీసికొనుడు. అయిదవ వారమున మధ్యాహ్నపు అన్నమును తగ్గింపుడు. పప్పును కడపట తగ్గింపవలయును. శాకాహారులకు మాంసకృత్తు లిచ్చునది అదియే. మంచినీరు, ఆకుకూరలు హెచ్చుగా తీసికొనకున్న మలబద్ధకము కలుగును.

ఒక పుస్తకములో ప్రతి ఉదయము నడుము బిగువు ఎన్ని నిమిషములకు సడలినదో వ్రాయుడు. వారమునకొకమారు బరువు చూచికొని వ్రాయుడు. బరువు తగ్గుచునేయున్న నిలిపి వైద్యుని చూడవలయును. మూడు నెలల పిదప లెక్క చూడుడు. బిగువు తగ్గినచో కొనసాగింపుడు. తగ్గకున్న నిరాశపడక మరల అన్నము తినుడు. లాభము లేని పంటను పట్టుదలచే వేయుచు పోవుట వివేకము కాదు గదా.

మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు పిండి తగ్గించిన రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల జబ్బు గలవారికి గ్రుడ్లు, మాంసము హెచ్చించుట హాని. గర్భిణులు, పిల్లలు, మిక్కిలి బక్కచిక్కినవారు వైద్యుని అనుమతి లేక ఈ పనికి పూనరాదు.

మేము చేసిన తప్పు

పథ్యము మొదలిడిన నాలుగవ నెలలో మా ఉదయపు బిగువు గంటన్నర నుండి అరగంటకు దిగినది. ఆ సంతోషములో మాకు గర్వము కలిగి, వైద్యునికి చెప్పకయే మాత్రలు మానితిమి. రెండు నెలలు బాగుగనే గడచినవి. తరువాత ఒకనాటి ఉదయము కుడికన్ను ఎఱ్ఱబడి, ఎండ చూడరాక నీరు కారెను. కలకయనుకొని రెండు దినములు ఊరుకొంటిమి. మూడవనాడు చూపు మసకబారెను. కంటివైద్యుడు చూచి, ఇది కన్ను లోపలి వాపు, వెన్నువాతమునకు సంబంధించినది, ఇంకను ఆలసించిన చూపు పోయెడిదని చెప్పెను. చుక్కల మందుతో చూపు నిలిచినది. పథ్యమును మేము మానలేదు. మందును మరల మొదలిడితిమి. ఈ రెండింటిలో దేనివలన ఎంత గుణమో తూచి చెప్పజాలము. రెండును కలిసి మమ్ము పొలములో నిలబెట్టియున్నవని మాత్రము చెప్పగలము.

ఇల్లు, బంధువులు, ఖర్చు

ఈ పథ్యములో కష్టమైనది ఆకలి కాదు, విస్తరి. పెండ్లిలో అన్నము వద్దన్న వడ్డించువారు చిన్నబుచ్చుకొందురు. "ఏమి బావా, మా యింటి మెతుకు చేదా?" అని అడుగుదురు. కోపపడక, వైద్యము జరుగుచున్నదని చెప్పి కూర, పెరుగు అడిగి పుచ్చుకొన్న గౌరవము నిలుచును. ఇంటిలో ఒకరి కొఱకు వేఱు వంట చేయుట గృహిణికి భారము. అందఱికిని వండు కూరనే ఎక్కువ చేసి, రోగి పాలు మాత్రము పెంచిన ఆ భారము తీరును.

బియ్యము చౌక, కూరలు ప్రియము. అందుచేత పెరటితోటయే దీనికి మూలధనము. రెండు సెంట్ల నేలలో బీర, సొర పాదులు, నాలుగు ములగ చెట్లు, తోటకూర మడి యున్న ఒక కుటుంబమునకు కూరగాయల కొఱత చాలవఱకు తీరును. పది కోళ్లు, ఒక గేదె యున్న మఱియు మేలు. సభ్యులు విత్తనములను పంచుకొని, ఒకరికి మిగిలిన కాయలు మఱియొకరికి చేర్చుకొన్న అదియే సహకారము.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. పండుకొన్న హెచ్చి, కదలిన తగ్గు నడుమునొప్పి మూడు నెలలు దాటిన, ముఖ్యముగా పడుచువారికి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో చూపి, కీళ్లవైద్యుని యొద్దకు చీటీ అడుగవలయును. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో ఈ శాఖ ప్రత్యేకముగా కలదు.

2. పిండి తగ్గించుట మందునకు తోడు, బదులు కాదు.

3. తగ్గించిన దానికి సరిపడు బలమును వేరొకదానితో నింపవలయును.

4. ప్రతిదినము వెన్నును వంచు, చాచు వ్యాయామము చేయవలయును. పొలపుపని దానికి బదులు కాదు. బీడి, చుట్ట మానవలయును.

5. కన్ను ఎఱ్ఱబడి నొప్పిపుట్టి వెలుతురు సహింపకున్న, ఆ దినముననే కంటివైద్యుని చూడవలయును.

మీ యింటిలోగాని, పొరుగింటిలోగాని తెల్లవారి లేచి గోడ పట్టుకొని నడుము సవరించుకొను కుఱ్ఱవాడు కనబడిన, సోమరియని నవ్వకుడు. ఎన్నాళ్లనుండి ఇట్లున్నదని అడిగి చూడుడు. మమ్ము తొమ్మిదేండ్లు ఎవ్వరును ఆ ప్రశ్న అడుగలేదు.