పరుగు బూట్ల ఎంపిక: పాదమే ప్రమాణము

పుదుచ్చేరి పట్టణములో తెల్లవాఱుజామున సముద్రతీరమునకు పోయినవారికి ఒక ముచ్చటయైన దృశ్యము కనబడును. గూబేర్ అవెన్యూ అను పేరుగల బీచిరోడ్డుపై సాయంకాలము మొదలు మరునాటి ఉదయమువరకు వాహనములను రానీయరు. ఆ ప్రశాంత సమయమున గాంధీ విగ్రహము ముందుగా, 1836లో వెలిగింపబడిన పాత దీపస్తంభము ప్రక్కగా పెద్దలు నడచుచుందురు, యువకులు పరుగెత్తుచుందురు. వారి ముఖములను విడిచి పాదములవైపు చూచినచో వేరొక విషయము బోధపడును. ఒకరు హవాయి చెప్పులతో వచ్చియుందురు. ఒకరు కచేరీకి తొడుగుకొను తోలుబూట్లతోనే పరుగుపెట్టుచుందురు. మరియొకరి కాళ్లకు కుమారుడు విడిచివేసిన పాత బూట్లు కనబడును. ఆరోగ్యముకొరకు ఇంటినుండి బయలుదేరిన వీరిలో పలువురు తమను మోయు పాదములను గూర్చి ఆలోచించినట్లు తోచదు.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. భారత వైద్య పరిశోధనా మండలివారి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన మధుమేహ పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాటి ప్రకారము 20 సంవత్సరములు నిండినవారిలో మధుమేహము గలవారు దేశము మొత్తముమీద నూటికి 11.4 మంది కాగా, పుదుచ్చేరిలో నూటికి 26.3 మంది. అనగా నలుగురు పెద్దలలో ఒకరికంటె ఎక్కువ. ఈ వ్యాధి గలవారికి వైద్యులు మొట్టమొదట చెప్పునది నడక, వ్యాయామము. ఆ సలహాను పాటింపబోయి, కాలికి ఒప్పని బూటుచే పుండు తెచ్చుకొన్నచో, మేలు కోరి చేసిన పని కీడునకు దారితీయును. కావున బూట్ల ఎంపిక క్రీడాకారులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇది ప్రతి గృహస్థుడును తెలిసికొనదగిన ఆరోగ్యవిషయము. గౌతమీ గోదావరి గట్టున నడచు యానాం వాసులకును ఇది సమానముగా వర్తించును.

పాదము చేయు పని

మనుష్యుని ఒక్కొక్క పాదములో 26 ఎముకలును 33 కీళ్లును కలవు. నడచునపుడు ఎల్లవేళల ఏదో ఒక పాదము నేలను అంటియుండును. పరుగెత్తునపుడు అట్లు కాదు. శరీరము క్షణకాలము గాలిలో నుండి, పిమ్మట బరువంతయు ఒక్క కాలిమీద దిగును. అపుడు నేలనుండి పాదమునకు తగులు ఎదురుదెబ్బ శరీరపు బరువునకు రెండు మూడు రెట్లుండును. 60 కిలోల బరువుగల మనుష్యుని పాదముపై అడుగడుగునకు 120 మొదలు 180 కిలోల భారము పడునన్నమాట. ఒక కిలోమీటరు పరుగెత్తుటలో ఒక్కొక్క కాలు సుమారు 500 సార్లు ఈ దెబ్బను ఓర్చుకొనవలెను.

ఏ బూటును ఈ భారమును మాయము చేయజాలదు. మంచి బూటు చేయునది ఇంతే: రాళ్లనుండి, గాజుపెంకులనుండి, కాలిన నేలనుండి అరికాలిని కాపాడును, భారము ఒక్కచోటనే పడకుండ సర్దును, పాదము ముందునకు వెనుకకు జారకుండ పట్టియుంచును. కొలత తప్పిన బూటు ఈ మూడవ పని చేయదు. ఒక్క మిల్లీమీటరు ఒరపిడియే వేయి అడుగులలో బొబ్బగా మారును.

హవాయి చెప్పు పరుగునకు పనికిరాదు. అది జారిపోకుండుటకై వ్రేళ్లు అడుగడుగునకు ముడుచుకొని దానిని పట్టుకొనవలసివచ్చును. మడమకు ఆధారమే లేదు. తోలుబూటు అడుగుభాగము బిరుసుగానుండి, పాదము వంగవలసినచోట వంగదు. పరుగునకు వేరుగా తయారగు బూట్లే శ్రేష్ఠము.

వట్టికాళ్లతో పరుగెత్తరాదా?

ఈ ప్రశ్న అడుగువారు ఇథియోపియా వీరుడు అబెబె బికిలాను ఉదాహరింతురు. ఆయన 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో వట్టికాళ్లతో మారథాన్ పరుగెత్తి స్వర్ణపతకము గెలిచినమాట నిజము. క్రొత్తగా లభించిన బూట్లు తన పాదములకు ఒప్పకపోవుటచే ఆయన వాటిని విడిచెనని చెప్పుదురు. ఆయన వట్టికాళ్లతో పరుగెత్తుటకు ముందునుండియే అలవాటుపడినవాడు. నాలుగేండ్ల పిమ్మట, 1964లో టోక్యోలో, అదే బికిలా బూట్లు తొడుగుకొని పరుగెత్తి మరల గెలిచెను. ఇందు మనము గ్రహింపవలసిన నీతి బూటు అనవసరమని కాదు. ఒప్పని బూటుకంటె వట్టికాలు మేలని ఆ మహావీరుడు ఎఱిగియుండెను; ఒప్పిన బూటు దొరికినపుడు దానిని కాదనలేదు. ఏండ్ల తరబడి అలవాటు లేనివారును, ముఖ్యముగా మధుమేహము గలవారును, రహదారిపై వట్టికాళ్లతో పరుగెత్తరాదు.

దుకాణములో చేయదగిన పరీక్షలు

బూట్లు కొనుటకు సాయంకాలము తగిన సమయము. పగలంతయు నిలుచుటచేతను తిరుగుటచేతను పాదములు కొంత ఉబ్బును. పరుగెత్తునపుడును అట్లే ఉబ్బును. ఈ పంక్తులు వ్రాయువాడు ఒకమారు ఉదయమున, తగ్గింపు ధరను చూచి మురిసి, కొంచెము బిగువైన జతను కొనెను. తొడుగగా తొడుగగా సాగునని తనకు తానే నచ్చజెప్పుకొనెను. బూటు సాగలేదు, పక్షము దినములలో బొటనవ్రేలి గోరు నల్లబడి ఊడిపోయెను. తగ్గిన ధర వైద్యమునకు చెల్లిపోయెను.

పరుగెత్తునపుడు వేసికొను మేజోళ్లనే వెంట తీసికొనిపోవలెను. రెండు పాదములను, నిలుచుండియే కొలిపించుకొనవలెను. అనేకులకు ఒక పాదము రెండవదానికంటె కొంచెము పెద్దదిగా నుండును. పెద్ద పాదమునకు సరిపోవు కొలతనే తీసికొనవలెను. పెట్టెపై అచ్చువేసిన అంకెను నమ్మి కొనరాదు. ఒక సంస్థవారి 8వ అంకె బూటు మరియొక సంస్థవారి 8వ అంకె బూటుతో సమానముగా నుండకపోవచ్చును.

పిమ్మట ఈ క్రింది పరీక్షలు చేయవలెను.

1. నిలుచున్నపుడు అన్నిటికంటె పొడవైన వ్రేలికిని బూటు కొనకును నడుమ బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. కొందరికి పొడవైనది బొటనవ్రేలు కాదు, దాని ప్రక్కవ్రేలు. దీనిని మరువరాదు.

2. పాదము మిక్కిలి వెడల్పుగానున్నచోట బూటు నొక్కరాదు. లోపలి మెత్తటి అట్ట ఊడివచ్చునదైనచో దానిని బయటికి తీసి, దానిమీద నిలువవలెను. పాదపు అంచులు అట్టను దాటినచో ఆ బూటు ఇరుకు.

3. లేసు కట్టి నాలుగడుగులు నడచినపుడు మడమ పైకి జారరాదు.

4. బూటును చేతులతో వంచిచూడవలెను. అది వ్రేళ్ల మొదళ్లకడ, అనగా పాదము సహజముగా వంగుచోటనే వంగవలెను. నడుమ మడతపడు బూటు పాదమునకు ఆధారమీయదు.

5. లోపల చేయి పెట్టి తడిమిచూడవలెను. గట్టి కుట్లు గాని, మడతలు గాని, మొనలు గాని తగులరాదు.

6. కడపట రెండు బూట్లును తొడిగి, దుకాణములోనే గాని వాకిటనే గాని కొంచెము పరుగెత్తి చూడవలెను. సిగ్గుపడవలసిన పని లేదు.

ఏ నేలమీద పరుగెత్తుదురో అదియును చూచుకొనవలెను. బీచిరోడ్డువంటి గట్టి నేలపై మెత్తని అడుగుగల సాధారణపు బూటు చాలును. పట్టణమునకు ఉత్తరమునగల ఆరోవిల్లు ఎఱ్ఱమట్టి బాటలలో పరుగెత్తువారికి అడుగున పళ్లుగల బూటు పట్టునిచ్చును. ఈశాన్య ఋతుపవన కాలములో తడిసిన బండరాళ్లు జారును. అడుగు అరిగి నునుపెక్కిన బూట్లతో ఆ దినములలో పరుగెత్తరాదు.

వెల, అరికాలి వంపు, సుఖము

అరికాలి వంపునుబట్టి బూటు ఎన్నుకొనవలెనను మాట చాలకాలమునుండి ప్రచారములో నున్నది. తడిపాదపు ముద్రను చూచి, చదునైన పాదమునకు ఒక రకము, వంపు ఎక్కువైన పాదమునకు మరొక రకము సూచింతురు. అమెరికా దేశపు సైనిక శిక్షణాలయములలో దీనిని పరీక్షించి, 2009, 2010 సంవత్సరములలో ఫలితములు ప్రకటించిరి. క్రొత్తగా చేరినవారిలో ఒక వర్గమునకు వంపునుబట్టి బూట్లనిచ్చి, రెండవ వర్గమునకు అందరికిని ఒకే రకమునిచ్చిరి. దెబ్బలు తగులుటలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున తడిముద్రను చూచి ఖరీదైన బూటును అంటగట్టజూచు మాటలకు లోబడ నక్కఱలేదు. పందెపు వీరులకై గట్టి పలకలమర్చి చేయు మిక్కిలి ఖరీదైన బూట్లు ఉదయపు వ్యాయామమునకు అవసరము లేదు.

మరి గుర్తు ఏది? తొడిగిన క్షణమునుండియే సుఖముగానుండు బూటు మంచి బూటు అని నేటి క్రీడావైద్యులు పలువురు చెప్పుచున్నారు. తన బూటునకు తన పాదమే న్యాయాధిపతి. ఆరోగ్యవంతుల విషయములో ఈ తీర్పును నమ్మవచ్చును.

పాదము తీర్పు చెప్పలేనపుడు

కాని మధుమేహము చాలకాలమున్నచో పాదములలోని నరములు మెల్లమెల్లగా చెడి స్పర్శ తగ్గును. అట్టి పాదమునకు బూటు కరచినను తెలియదు. అంతేకాదు, సరియైన కొలత వదులుగా తోచి, ఇరుకైన బూటే హాయిగానున్నట్లు భ్రమ కలుగును. న్యాయాధిపతికి చెవుడు వచ్చినదన్నమాట. బొబ్బ పుండగును, పుండును కొందరు రక్తపు మరక కనబడినపుడే గుర్తింతురు. రక్తప్రసారము తగ్గిన పాదములో పుండు మానక, ఎముకకు సోకి, వ్రేలినో పాదమునో తీసివేయవలసిన స్థితి కలుగవచ్చును.

ఈ సత్యమును లోకమునకు చాటినవారిలో ముఖ్యులు మనకు సమీపముననే పనిచేసిరి. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు, ఆయన సహచరులు కుష్ఠరోగుల పాదములను పరిశీలించి, ఆ పుండ్లకు ముఖ్యకారణము రోగము మాంసమును తినివేయుట కాదనియు, నొప్పి తెలియకపోవుటచే పదేపదే తగులు గాయములేననియు గ్రహించిరి. 1950వ దశకములో వారు మెత్తని రబ్బరు అడుగుతో అట్టి రోగులకు ప్రత్యేకముగా చెప్పులు చేయించిరి. ఆ సూత్రమే నేడు మధుమేహ రోగుల పాదరక్షలకును ఆధారము.

కావున మధుమేహము గలవారు సుఖమును మాత్రము నమ్మక, కంటిని, చేతిని, కొలతను నమ్మవలెను. సాయంకాలము కాగితముపై నిలుచుండి, పాదపు అంచు వెంబడి పెన్సిలుతో గీయించుకొని, ఆ ఆకారమును కత్తిరించి దుకాణమునకు తీసికొనిపోవలెను. ఆ కాగితము బూటులో ముడుతపడకుండ అమరనిచో ఆ బూటును విడువవలెను. సంవత్సరమునకు ఒకమారైనను వైద్యునిచే పాదముల స్పర్శను, రక్తప్రసారమును పరీక్ష చేయించుకొనవలెను. స్పర్శ తగ్గినదని తేలినవారు పరుగు మొదలుపెట్టుటకు ముందు వైద్యుని అనుమతి పొందవలెను. పుండున్నవారు అది మానువరకు పరుగెత్తనే రాదు.

తమకు మధుమేహమున్నదని ఎఱుగనివారును చాలమంది కలరు. కావున కాగితపు కొలత అందరికిని మంచిదే.

క్రొత్త బూటు, పాత బూటు

క్రొత్త బూటును మొదటి దినముననే దూరపు పరుగునకు వాడరాదు. ఇంటిలో అరగంట తొడుగుకొని, విప్పి, పాదములను వెలుతురులో చూచుకొనవలెను. ఎఱ్ఱబడిన మచ్చ కనబడినచో అచట బూటు ఒత్తుచున్నదని అర్థము. అరికాలు కనబడనివారు అద్దము నేలపై పెట్టి చూచుకొనవచ్చును, లేదా ఇంటివారి సాయము పొందవచ్చును. ఈ పరీక్ష మధుమేహ రోగులకు నిత్యకృత్యము కావలెను.

తొడుగుటకు ముందు బూటును తలక్రిందులు చేసి దులుపవలెను. చిన్న రాయియైనను తెలియని పాదమునకు శత్రువే. చెమటను పీల్చు శుభ్రమైన మేజోళ్లను ప్రతిదినము మార్చవలెను. సముద్రతీరపు ఉక్కలోను వానలోను తడిసిన బూట్లలో పాతకాగితములు కూరి నీడలో ఆరబెట్టవలెను. తడిబూటు వ్రేళ్లసందులలో పాచికి కారణమగును.

బూటునకు ఆయుర్దాయము కలదు. సాధారణముగా 500 మొదలు 800 కిలోమీటర్ల పరుగులో దాని మెత్తదనము నశించును. దినమునకు 3 కిలోమీటర్లు పరుగెత్తువారికి ఇది ఆరు మొదలు తొమ్మిది మాసముల కాలము. పైభాగము క్రొత్తగానే కనబడవచ్చును. అడుగు ఒక ప్రక్కకు అరిగినను, బల్లపై పెట్టినపుడు బూటు ఒరిగినను దానిని మార్చవలెను. ఒకరి పాదమునకు అలవాటుపడిన బూటు వేరొకరికి తగదు. కుమారుని పాత బూట్లతో తండ్రి పరుగెత్తుట పొదుపు కాదు.

మన పెద్దలు ఇల్లు చేరగానే కాళ్లు కడుగుకొనెడివారు. ఆ మంచి ఆచారమునకు మరియొక్కటి చేర్చుకొందము: కడిగిన కాళ్లను తుడిచి, ఒక్క నిమిషము పరిశీలించి చూచుకొందము. రేపటి ఉదయము మరల సముద్రపు గాలిలో నడువవలసినవి ఆ పాదములే.