హోటల్‌లో చెప్పిన సౌకర్యం ఇవ్వలేదా? బిల్లు మీద ఇలా అడగండి



సెలవులు దగ్గర పడుతున్నాయి. చాలామంది ఇళ్లలో హోటల్ బుకింగ్‌లు మొదలై ఉంటాయి. అందుకే ఈ నెల పాఠం పిల్లలకే కాదు, మీకు కూడా.

కిందటి వేసవిలో మేం విశాఖ వెళ్లాం. పిల్లల కోసమని స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్ వెతికి, రెండు రాత్రులకు రూ.9,000 ఆన్‌లైన్‌లో ముందే కట్టాం. బ్రేక్‌ఫాస్ట్ కూడా అందులోనే అని బుకింగ్‌లో ఉంది. తీరా వెళ్తే పూల్‌లో చుక్క నీరు లేదు. "రిపేర్ సార్" అన్నారు. మా చిన్నది స్విమ్‌సూట్ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. మర్నాడు బ్రేక్‌ఫాస్ట్ ప్యాకేజీలో లేదంటూ నలుగురికి రూ.1,200 విడిగా బిల్లు వేశారు.

పదో తరగతికి వినియోగదారుల హక్కులు చెప్పే నేను రిసెప్షన్ దగ్గర గట్టిగా అరిచాను. పైసా రాలేదు. గదికి వచ్చాక మా పెద్దవాడే, "నాన్నా, బుకింగ్ స్క్రీన్‌షాట్ ఉందా?" అని అడిగాడు. అసలు పని అక్కడ మొదలైంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని, ఇస్తామన్న సేవ సరిగా ఇవ్వకపోతే అది సేవాలోపం. దాన్ని నిరూపించేది మన కోపం కాదు, కాగితం. బుక్ చేసిన రోజే సౌకర్యాల పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ పేజీ తర్వాత మారిపోవచ్చు. ఖాళీ పూల్ ఫొటో తీయండి. హోటల్‌లో ఉండగానే ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఫిర్యాదు పెట్టండి. ఇంటికి వచ్చాక చెబితే "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంటారు, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది కూడా. బిల్లు కట్టక తప్పకపోతే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని మీ కాపీ మీదా, వాళ్ల కాపీ మీదా రాసి సంతకం పెట్టండి.

ఎంత అడగాలి? రెండు రాత్రులు పడుకుని మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మంటే ఎవరూ వినరు. మేం బ్రేక్‌ఫాస్ట్ రూ.1,200, పూల్ లేనందుకు గది అద్దెలో 20 శాతం అంటే రూ.1,800, మొత్తం రూ.3,000 అడిగాం. ఆ 20 శాతం ఏ చట్టంలోనూ లేదు, మాకు సబబనిపించిన లెక్క. మా ఉత్తరం ఇంతే:

"ఫలానా తేదీన ఫలానా నంబరుతో బుక్ చేసుకున్నాం. పూల్, బ్రేక్‌ఫాస్ట్ ఉన్నాయని మీ పేజీలో ఉంది. రెండూ ఇవ్వలేదు. స్క్రీన్‌షాట్, ఫొటో, బిల్లు జత చేశాం. రూ.3,000 ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వగలరు."

మొదట "ఈసారి వచ్చినప్పుడు డిస్కౌంట్ కూపన్ ఇస్తాం" అన్నారు. వద్దన్నాం. చివరికి రూ.2,200 ఖాతాలో వేశారు. అక్కడితో ఒప్పుకున్నాం.

వాళ్లు ఒప్పుకోకపోతే? బుకింగ్ యాప్‌కు డబ్బు కట్టి ఉంటే దాని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేయవచ్చు. దానికి గడువు ఉంటుంది కాబట్టి నాన్చవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మాట్లాడి సర్దుబాటు చేయిస్తారు.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. హోటల్ విశాఖలో ఉన్నా, మీరు వరంగల్‌లో ఉంటే వరంగల్‌లోనే కేసు వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు.

పిల్లలకు ఇంటి పని: మీ కుటుంబం చేసిన ఏదైనా బుకింగ్ తీసుకుని, అందులో మాట ఇచ్చిన సౌకర్యాల జాబితా రాయాలి. వాటిలో ఒకటి అందలేదనుకుని, పై నమూనాలో పది వాక్యాలు మించకుండా ఉత్తరం రాసి సోషల్ టీచర్‌కు చూపించాలి. అడిగే మొత్తానికి లెక్క కూడా చూపాలి.