జొన్న నాము: పైరుకు ఆత్మరక్షణ, పశువుకు ప్రాణగండం

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుగనుల ప్రాంతం. ఉపరితల గనులు విస్తరించిన చోట మేతబీళ్లు కుంచించుకుపోతాయి. పశువులు పంట కోసిన చేలపై, గట్లపై ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది. ఈ జిల్లా ఒకప్పుడు భాగంగా ఉన్న పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో జొన్న తరతరాలుగా ఇటు తిండిగింజగా, అటు పశుగ్రాసంగా సాగులో ఉన్నది. జొన్న కోసిన మోళ్ల నుంచి తిరిగి మొలిచే లేత పిలకలను రైతులు ‘నాము’ అంటారు. ఆకలిగొన్న పశువు దీనిని మేస్తే కొద్ది నిమిషాల్లోనే కుప్పకూలవచ్చు. పశుపోషకునికి ఇది తీరని నష్టం. మొక్కకు మాత్రం ఆత్మరక్షణ. ఈ రక్షణ తీరు తెలిసిన విస్తరణ శాస్త్రవేత్తే రైతుకు సకాలంలో సరైన సలహా ఇవ్వగలుగుతాడు.

రక్షణ రసాయనం

శత్రువు నుంచి పారిపోలేని మొక్క రసాయనాలతో తనను తాను కాపాడుకుంటుంది. వేపలోని అజాడిరక్టిన్, పత్తిలోని గాసిపాల్, సుబాబుల్‌లోని మైమోసిన్ ఇటువంటివే. జొన్నలో ఈ పని చేసేది ధురిన్ అనే సయనోజెనిక్ గ్లూకోసైడ్. దీనిని 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి రెండు సైటోక్రోమ్ పి450 ఎంజైములు, ఒక గ్లూకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైము కలిసి ధురిన్‌ను తయారుచేస్తాయి.

ధురిన్ దానంతట అది సయనైడ్‌ను విడుదల చేయదు. ఆకులో అది బాహ్యచర్మ కణాల రిక్తికలలో నిల్వ ఉంటుంది. దానిని విడగొట్టే ధురినేజ్ ఎంజైము పత్రాంతర కణాల హరితరేణువులలో ఉంటుంది. పురుగు కొరికినప్పుడు లేదా పశువు నమిలినప్పుడు కణాలు చిట్లి ఈ రెండూ కలుస్తాయి. హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది. ఇవి వేర్వేరు గదులలో ఉండటం వల్లనే మొక్క తన విషానికి తానే బలికాకుండా ఉంటుంది.

ఈ రక్షణకు ప్రయోగాధారాలున్నాయి. 2001లో ధురిన్ తయారీ జన్యువులను అరబిడాప్సిస్ మొక్కలో ప్రవేశపెట్టగా, దానిని ఒక జాతి ఆకుతొలిచే పెంకుపురుగు తినడానికి వెనుకాడింది. 2013లో వెలువడిన పరిశోధనలో, సయనైడ్‌ను త్వరగా విడుదల చేయలేని జొన్న ఉత్పరివర్తనాన్ని కత్తెర పురుగు లార్వాలు ఎక్కువగా ఇష్టపడ్డాయి.

ప్రమాదం ఎప్పుడు ఎక్కువ?

ధురిన్ మోతాదు మొక్క వయస్సును, ఒత్తిడిని బట్టి మారుతుంది. మొలక చివర్లలో అది ఎండు బరువులో 30 శాతం వరకు ఉండవచ్చు. మొక్క ముదిరేకొద్దీ ఆకులలో తగ్గుతుంది. పక్వమైన గింజలో దాదాపు ఉండదు. కోసిన తర్వాత వచ్చే నాము లేత కణజాలం గనుక మళ్ళీ మొలక స్థాయి ప్రమాదం తెస్తుంది. బెట్ట పరిస్థితులు, అధిక నత్రజని ఎరువు ఈ విషాన్ని మరింత పెంచుతాయి. వర్షాకాలంలో దీర్ఘకాలం వాన లేక పైరు గిడసబారినప్పుడు, ఆ వెంటనే వాన పడి కొత్త చిగుళ్లు వచ్చినప్పుడు ప్రత్యేక జాగ్రత్త అవసరం.

నెమరువేసే పశువులకు ముప్పు అధికం; వాటి మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు కూడా ధురిన్‌ను విడగొడతాయి. సయనైడ్ కణాలలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ను అడ్డుకోవడం వల్ల రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దానిని వాడుకోలేవు. అందుకే రక్తం మంచి ఎరుపు రంగులో కనిపిస్తుంది.

రైతులకు చెప్పవలసినవి

• జొన్నను 50 శాతం పూత దశకు వచ్చిన తర్వాతే పచ్చిమేతగా వాడాలి. నాము మొలిచిన చేలలోకి పశువులను వదలరాదు.

• బెట్టకు చేలో నిలువునా వాడిన పైరు, కోసి బాగా ఎండబెట్టిన చొప్ప ఒకటి కావు. మొదటిది అత్యంత ప్రమాదకరం. రెండవదానిలో విషం చాలావరకు తగ్గుతుంది. పాతర గడ్డిగా మాగబెట్టినా తగ్గుతుంది.

• ఖాళీ కడుపుతో పశువును జొన్న చేలోకి పంపరాదు. ముందుగా ఎండుగడ్డి మేపాలి.

• అనుమానం ఉంటే సోడియం పిక్రేట్ కాగితంతో పరీక్షించాలి. నలిపిన ఆకును మూసిన గొట్టంలో ఉంచి, పైన ఆ కాగితాన్ని వేలాడదీస్తే, సయనైడ్ ఉన్నప్పుడు పసుపు రంగు ఇటుక ఎరుపుగా మారుతుంది.

• పశువు ఆయాసపడుతూ, వణుకుతూ, నోట నురుగు కారుస్తూ ఉంటే తక్షణం పశువైద్యుణ్ణి పిలవాలి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సిర ద్వారా సకాలంలో ఇస్తే ప్రాణం నిలిచే అవకాశం ఉంటుంది.

ముగింపు

ధురిన్ అసలే లేని జొన్నను ఆస్ట్రేలియా పరిశోధకులు ఉత్పరివర్తనం ద్వారా సాధించి 2012లో ప్రకటించారు. మేతగా అది సురక్షితమే గాని, రక్షణ కోల్పోయిన పైరుపై పురుగుల దాడి పెరిగే ప్రమాదాన్ని పై పరిశోధనలు సూచిస్తున్నాయి. పైరుకు విషం అవసరమైన లేత దశలోనే పశువుకు ప్రమాదమూ అధికం. ముదిరిన దశలో అదే పైరు మంచి మేత. కావున రైతు వచ్చి ‘జొన్న మేపవచ్చునా?’ అని అడిగినప్పుడు, విస్తరణ శాస్త్రవేత్త ముందుగా విచారించవలసినవి మూడు: పైరు ఏ దశలో ఉన్నది, చివరి వాన ఎప్పుడు పడింది, ఎరువు ఎప్పుడు వేశారు?